ఆదివారం తెలుగు బడి పెడుతున్న శీనుకి

ఒరే శీనూ,

నీ ఉత్తరం అందింది. మెల్‌బోర్న్‌లో 11 మంది పిల్లలు, ఆరేళ్ళ నుంచి తొమ్మిదేళ్ళ వాళ్ళు, ఆదివారం పొద్దున గంటన్నర. చాలా సంతోషంగా ఉందిరా. ఏ వాచకం కొనమంటావని అడిగావు. అది తర్వాత చూద్దాం. అంతకంటే ముందు తేల్చుకోవాల్సినవి చాలా ఉన్నాయి.

ముందు గంటల లెక్క. అమెరికా విదేశాంగ శాఖ తన దౌత్యాధికారులకి భాషలు నేర్పిస్తుంది కదా, వాళ్ళ అంచనాలో స్పానిష్‌కి 600 నుంచి 750 గంటల పాఠం కావాలి. తెలుగుకి 44 వారాలు, అంటే 1100 గంటలు. నీకు ఏడాదికి 40 ఆదివారాలు దొరికితే 60 గంటలు. ఆ లెక్కన 18 ఏళ్ళు దాటుతుంది. కంగారు పడకు, నీ పిల్లలు మొదటి మెట్టు దగ్గర లేరు. ఇంట్లో "అన్నం తిన్నావా?" అంటే అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో వస్తుంది. చెవి తయారుగా ఉంది, నోరు తెరుచుకోవడమే మిగిలింది. అందుకని ఆ 60 గంటల్లో నువ్వు మాట్లాడే సమయం ఎంత తగ్గిస్తే అంత మంచిది.

మొదటి ఆదివారం పాఠం పెట్టకు. ఒక్కొక్కర్నీ పక్కకి పిలిచి ఏడెనిమిది నిమిషాలు చూడు. మిగతావాళ్ళు బొమ్మలు వేసుకుంటూ ఉంటారు. పది పనులు చెప్పు, తేలికవాటితో మొదలెట్టి: "పెన్సిలు ఇవ్వు", "ఎర్ర పుస్తకం కింద పెట్టు", "తలుపు దగ్గరున్న చెప్పులు తెచ్చి బల్ల కింద పెట్టి మళ్ళీ వచ్చి కూర్చో". ఎక్కడ ఆగిపోయారో రాసుకో. తర్వాత ఒక సంత బొమ్మ చూపించి "ఇక్కడ ఏం జరుగుతోంది?" అని అడిగి ఊరుకో. ఈ పరీక్షయ్యాక పిల్లలు మూడు రకాలుగా విడిపోతారు: విని మాట్లాడేవాళ్ళు, వినగలిగి మాట్లాడనివాళ్ళు, వినడం దగ్గరే తడబడేవాళ్ళు. జట్లు వయసుని బట్టి కాకుండా దీన్ని బట్టి కట్టు. ఆరేళ్ళ పిల్ల గలగలా మాట్లాడుతుంటే పక్కన తొమ్మిదేళ్ళవాడు నోరు విప్పకపోవడం ఇలాంటి బళ్ళలో మామూలే.

ఇక అక్షరాలు. ఎక్కువ బళ్ళు బోర్లాపడేది ఇక్కడే, అందుకని కాస్త వివరంగా రాస్తాను. మన పాత వరస నీకు తెలిసిందే: అచ్చులు, హల్లులు, గుణింతాలు, ఆఖర్న వత్తులు. ఒక్కో హల్లుకి 12 గుణింతాలే అనుకున్నా 36 హల్లులకి 432 రూపాలు. వారానికి ఒకసారి కలిసే బడిలో ఈ వరస పట్టుకుంటే ఏడాది తిరిగినా పిల్లవాడు "అమ్మ" అని రాయలేడు, ఎందుకంటే అందులో వత్తుంది. నాన్న, అన్న, అక్క, తమ్ముడు, చెల్లి, అత్త, తాతయ్య, అమ్మమ్మ, అన్నిట్లోనూ వత్తులే. పిల్లలకి బాగా తెలిసిన మాటలన్నీ మన వరసలో చిట్టచివరికి పోతాయి.

ఇక్కడే ఒక మంచి సౌకర్యం కూడా ఉంది చూడు. వత్తుల్లో చాలావాటికి తలకట్టు తీసేస్తే చాలు, అసలు అక్షరమే కింద కూర్చుంటుంది. రూపం పూర్తిగా మారిపోయి విడిగా నేర్చుకోవాల్సినవి త, న, మ, య, ర, ల. వీటిలో అయిదింటిని మన చుట్టాల పిలుపులే నేర్పేస్తాయి: అత్త, అన్న, అమ్మ, అయ్య, చెల్లి. ర వత్తుకి "గొర్రె" బొమ్మ పెట్టుకో. మొదటి నెలలోనే ఈ ఆరు మాటలూ గోడకి అంటించు. విడగొట్టి చెప్పొద్దు, మొత్తంగా గుర్తుపడితే చాలు. మూడో నెలలో వత్తు అంటే ఏమిటో చెప్పేటప్పుడు ఉదాహరణలు వాళ్ళ కళ్ళలోనే ఉంటాయి.

హల్లుల విషయంలో రెండు పట్టింపులు పెట్టుకో. ఒకటి, వెంటనే మాటలు పుట్టించే అక్షరాలే ముందు. అ, ల, త, క, ర తెలిస్తే తల, కల, అల, అర, లత వచ్చేస్తాయి. రెండో వారం ఆ, ట, ప, దీర్ఘం ఇవ్వు: ఆట, పాట, తాత. మూడో వారం గుడి, కొమ్ము: కాకి, ఆకు, కాలు, పాలు. గుణింతాన్ని వాయిదా వేయకు, మన మాటల్లో చాలా భాగం ఇకారంతోనో ఉకారంతోనో సున్నాతోనో ముగుస్తాయి. ఉత్త తలకట్టు అక్షరాలతో పిల్లలకి పనికొచ్చే మాటలు ఎక్కువ దొరకవు. ఝ, ఛ, ఢ లాంటివి రెండో ఏడు చెప్పినా కొంప మునగదు.

రెండోది, ఒకలా కనిపించేవాటిని ఒకే వారంలో చెప్పకు. పాత వరసలో థ, ద, ధ పక్కపక్కనే వస్తాయి, పిల్లలు అక్కడే తికమక పడతారు. ప, వ, ష ఒక గుంపు. న, స ఒక జంట. ఎ, ఏ, ఐ మరో గుంపు. అన్నిటికంటే మోసం చేసేది మ, వు. "ఆవు"ని "ఆమ" అని చదివితే పిల్లవాడి తప్పు కాదు, ఆ రెండూ అంత దగ్గరగా ఉంటాయి. ఒకటి స్థిరపడ్డాక, కనీసం మూడు వారాలు ఆగి రెండోది చెప్పు. ఆ తర్వాత రెండూ పక్కన పెట్టి తేడా ఎక్కడుందో వాళ్ళ చేతే వేలు పెట్టించు.

ఇంకో చిక్కు "కుర్చీ" లాంటి మాటల్లో ఉంది. నోట్లో ర తర్వాత చీ వస్తుంది, కాగితం మీద గుడిదీర్ఘం ర నెత్తిన ఉంటుంది, చ కిందికి పోతుంది. పిల్లలు "కురీచ" అని చదువుతారు. అచ్చు పైన ఉన్నా వత్తు తర్వాతే పలకాలని మాటల్లో చెబితే తలకెక్కదు. కుర్, చీ అని రెండు చప్పట్లు కొట్టించి, తర్వాత అక్షరం మీద వేలు పైనుంచి కిందికి, మళ్ళీ పైకి నడిపించు. ఆదివారానికి రెండు మాటలు, నాలుగు వారాలు.

ఇవన్నీ ఒక్క ఏడాదిలో అయిపోవాలని తల్లిదండ్రులు అడుగుతారు. కన్నడ పిల్లల మీద సొనాలి నాగ్ చేసిన పరిశోధన 2007లో వచ్చింది, మన లిపికి కన్నడం తోబుట్టువే కదా. రోజూ బడికెళ్ళే పిల్లలక్కూడా అక్షరాలన్నీ పట్టుబడటం మూడు నాలుగు తరగతుల దాకా సాగుతుందని అందులో తేలింది. ఈ మాట మొదటి సమావేశంలోనే వాళ్ళకి చెప్పెయ్.

చెవికి కూడా ప్రతి ఆదివారం అయిదు నిమిషాలు కేటాయించు. కల, కళ. బలి, బల్లి. గడి, గడ్డి. పడు, పాడు. నువ్వు రెండు మాటలు అను, ఒకటేనా వేరా అని పిల్లలు చెయ్యెత్తాలి. నీ పెదాలు చూసి చెప్పేస్తారు, పుస్తకం అడ్డం పెట్టుకో. త, ట దగ్గర ఇబ్బంది ఎందుకొస్తుందంటే, ఇంగ్లీషు వాళ్ళ "టీ" శబ్దంలో నాలుక పంటి చిగురు మీద ఆగుతుంది. మన త కి పళ్ళకే తగలాలి, ట కి వెనక్కి మడవాలి. పిల్లలు మధ్యలో ఆపేసి రెంటినీ ఒకటి చేసేస్తారు. ప కి ఇంకో పరీక్ష: సన్నటి కాగితం ముక్క నోటి ముందు పట్టించు. ఇంగ్లీషు "పెన్" అంటే కాగితం ఊగుతుంది, మన "పాలు" అంటే కదలకూడదు. పిల్లలకి ఇది భలే ఇష్టం.

మాట్లాడించడం గురించి. కెనడాలో ఫ్రెంచి మాధ్యమం బళ్ళలో ఏళ్ళ తరబడి చదివిన పిల్లలకి వినడం, చదవడం బ్రహ్మాండంగా వచ్చాయి, మాట్లాడబోతే మాత్రం తప్పులు. అది చూసే మెరిల్ స్వెయిన్ అనే భాషా పరిశోధకురాలు 1985లో వినడం ఒక్కటే చాలదని, నోటితో వాక్యం కట్టాల్సిన అవసరం పడాలని వాదించింది. మనింట్లో జరిగేదీ అచ్చం అదే. ప్రశ్న వేశాక ఆగు. మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు చూసిన తరగతుల్లో టీచర్లు ఒక సెకను కూడా సరిగా ఆగట్లేదు. మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడుగయ్యాయి. మనసులో "ఒకటి, రెండు, మూడు" అనుకో. ఆ మౌనం చాలా ఇబ్బందిగా ఉంటుంది, అయినా నువ్వు అందించకు.

తప్పు దిద్దడంలో కూడా ఒక కిటుకుంది. పిల్ల "నేను ఆకలి" అంటే మనం వెంటనే "ఆఁ, నీకు ఆకలేస్తోందా?" అని సరైన వాక్యం అనేసి ముందుకి పోతాం. లైస్టర్, రాంటా అనే పరిశోధకులు 1997లో కెనడాలోని ఆ ఫ్రెంచి మాధ్యమం తరగతులనే లెక్కగట్టారు. టీచర్ల దిద్దుబాట్లలో 55 శాతం ఈ రకమే, కానీ వాటిలో 31 శాతానికే పిల్లల నుంచి స్పందన వచ్చింది. సరైన వాక్యం తమ చెవిన పడిందని పిల్లలకి తెలియనే తెలియదు. దాని బదులు "ఎవరికి ఆకలి?" అని అడుగు. "నాకు" అని తనే తెచ్చుకుంటుంది. ఈ "నాకు" ఇంగ్లీషులో పెరిగిన పిల్లలకి పెద్ద గండం: నాకు తెలుసు, నాకు భయం, నాకు జ్వరం, నాకు ఈత వచ్చు, నాకు కావాలి. వీటిని ఒకే కుటుంబంగా, నెల రోజులు, ఆదివారానికొక ఆటలో తిప్పు. తర్వాతది మనం, మేము. ఇంగ్లీషులో రెంటికీ ఒకటే మాట. నేల మీద సుద్దముక్కతో రెండు వలయాలు గీసి, లోపలి జట్టు బయటి జట్టుతో "మేము పార్కుకి వెళ్తున్నాం" అనాలి, వాళ్ళని లోపలికి లాక్కుంటే "మనం వెళ్దాం" అనాలి. రెండు ఆదివారాల్లో పట్టుబడుతుంది.

పెద్ద పిల్లలకి పని అప్పగించు. ఎన్.ఎస్. ప్రభు 1979 నుంచి 1984 దాకా బెంగుళూరులో ఇంగ్లీషు పాఠాన్ని ఇలాగే నడిపారు: వ్యాకరణం పక్కనపెట్టి రైళ్ళ టైము పట్టికలు, పటాలు ఇచ్చి లెక్క తేల్చమనేవారు. నువ్వు ఇద్దరికి చెరో సగం బస్సుల పట్టిక ఇవ్వు. విజయవాడ నుంచి హైదరాబాదుకి మధ్యాహ్నం రెండులోపు చేరాలి, ఏ బస్సు ఎక్కాలి? ఒకళ్ళ కాగితం ఒకళ్ళు చూడకూడదు. చూశారంటే మాట ఆగిపోతుంది, మధ్యలో అట్టపెట్టె నిలబెట్టు.

మాటలు గుర్తుండటానికి లైట్నర్ పెట్టె చాలు. చెప్పుల పెట్టెలో అయిదు అరలు. కార్డుకి ఒకవైపు బొమ్మ, రెండోవైపు తెలుగు మాట, ఇంగ్లీషు ఎక్కడా వద్దు. మొదటి అర రోజూ, రెండోది రెండు రోజులకి, మూడోది నాలుగు రోజులకి, నాలుగోది వారానికి, అయిదోది రెండు వారాలకి. సరిగ్గా చెబితే ముందు అరకి, తప్పితే మళ్ళీ మొదటి అరకి. బొమ్మ చూసి మాట తనే తెచ్చుకోవాలి, మాట చూసి "ఆఁ తెలుసు" అంటే లెక్కలోకి రాదు. రోడిగర్, కార్పికే 2006 ప్రయోగంలో అయిదు నిమిషాల తర్వాత మళ్ళీ చదువుకున్నవాళ్ళే మెరుగ్గా ఉన్నారు, వారం తర్వాత మాత్రం చూడకుండా గుర్తుచేసుకున్నవాళ్ళది పైచేయి అయింది. వారానికి ఎనిమిది మాటలకి మించకు. మించితే ఆరో వారానికి పెట్టె నిండి ఇంట్లో గొడవ మొదలవుతుంది. మొదటి అరలో పది కంటే ఎక్కువుంటే ఆ వారం కొత్తవి ఇవ్వొద్దు.

ఏ తెలుగు అంటావా? ఇంట్లో ఏది వింటారో అదే. కరీంనగర్ నాయనమ్మ "వస్తున్నడు" అంటుంది, గుంటూరు అమ్మమ్మ "వస్తున్నాడు" అంటుంది. రెండూ గోడ మీద రాయి, ఏదీ కొట్టెయ్యకు. నాయనమ్మ మాటని తప్పంటే ఆ పిల్ల తర్వాత ఇంట్లో నోరు మూసుకుంటుంది. గిడుగు రామమూర్తి గారు కూడా బడిపిల్లలకి జీవద్భాష, అంటే జనం మాట్లాడే తెలుగు, కావాలనే పోరాడారు.

ఇప్పుడు వాచకం. హు, నేషన్ అనే ఇద్దరు పరిశోధకులు 2000లో తేల్చిందాన్ని బట్టి హాయిగా చదువుకోవాలంటే నూటికి 98 మాటలు ముందే తెలిసుండాలి. అది ఇంగ్లీషు లెక్క. మన "తెచ్చుకున్నాడనుకుంటా" ఒక్క మాటలో నాలుగు మాటలు దాక్కుంటాయి కాబట్టి ఇంకా జాగ్రత్తపడాలి. ఏ పుస్తకమైనా మధ్య పేజీలో 50 మాటలు లెక్కపెట్టు. తెలియనివి ఒకటి దాటితే ఆ పుస్తకం నువ్వు చదివి వినిపించు, పిల్లల చేతికివ్వకు. పొడుగు క్రియలు తక్కువా, అక్షరం పెద్దదీ అయినవే ఏరుకో. ఇండియా నుంచి తెప్పించే ముందు రెండు పేజీలు ఫోటో తీయించుకుని చూడు.

గంటన్నరనీ ఇలా పంచుకో: చెవి ఆట 5 నిమిషాలు, కార్డులు 10, మాట్లాడే పని 30, మంచినీళ్ళకి 5, చదవడం, రాయడం 25, కథ వినడం 15. ఆఖర్న పిల్లల్ని తీసుకెళ్ళడానికి వచ్చిన అమ్మానాన్నల ముందు ఒక్కొక్కరూ ఒక్క వాక్యం చెప్పి వెళ్ళాలి. అదే ఆ వారం ఇంటిపని, రోజూ భోజనం దగ్గర పది నిమిషాలు ఆ వాక్యంతోనే మాటలు సాగాలి.

మ, వు కార్డులు, ఆరు వత్తుల పట్టిక ఈ కవర్లోనే పెట్టాను. మొదటి ఆదివారం పరీక్ష కాగితాలు నాకు పంపు, పేర్లు తీసేసి. జట్లు ఎలా కట్టాలో కలిసి చూద్దాం.

నీ
రఘు