ఆకు రంగు ట్యూబులో దొరకదండీ

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం అనుబంధంలో బొమ్మలు వేసేవాళ్లకి ప్రేరణ ఎక్కడ దొరుకుతుందో చెబుతూ ఒక వ్యాసం వేశారు. ప్రకృతి, జ్ఞాపకాలు, భక్తి అని మూడు డబ్బాలు, ఒక్కో డబ్బాలో నాలుగేసి లైన్లు, పక్కన సూర్యాస్తమయం ఫోటో. రాసినవారి ఉద్దేశం మంచిదే, కాదనను. కానీ ప్రేరణ మన చుట్టూనే ఉంది, కళ్లు తెరిచి చూస్తే చాలు అన్న మాట దగ్గర నాకు చిరాకేసింది, అందుకే ఈ ఉత్తరం. 22 ఏళ్లుగా ఉద్యోగం చేసుకుంటూ, ఇల్లు చూసుకుంటూ, దొరికిన గంటలోనో అరగంటలోనో వాటర్ కలర్స్ వేస్తున్నదాన్ని. నా బొమ్మలు గొప్పవని చెప్పను, అమ్ముడుపోయినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కానీ కళ్లు తెరిచి చూస్తే చాలదని మాత్రం బాగా తెలుసు. కళ్లు తెరిచే ఉంటాయి కదా అందరికీ, పొద్దున లేచిన దగ్గర్నుంచీ.

కొత్తలో నేను చెట్టు వేయమంటే ఏం వేసేదాన్నో చెబుతాను. గోధుమరంగు కాండం, దాని మీద ఆకుపచ్చ ముద్ద. అది చెట్టు కాదు, 'చెట్టు' అనే మాట. మనకి మాట తెలిసిపోయాక వస్తువుని చూడటం మానేస్తాం, పని జరిగిపోతుంది కాబట్టి. ఒకసారి జ్వరం వచ్చి నాలుగు రోజులు మంచం మీద ఉన్నాను. కిటికీకి ఆనుకుని ఒక మొక్క ఉండేది, చదివే ఓపిక లేదు, ఫోన్ చూస్తే తలనొప్పి, ఇక చేసేది లేక ఆ మొక్కలో ఒకే ఒక్క ఆకుని చూస్తూ పడుకున్నాను. పొద్దున వెలుగు వెనకవైపు నుంచి పడుతున్నప్పుడు ఆకు నిమ్మపండు రంగులో వెలుగుతూ, ఈనెలు మాత్రం ముదురుగా కనిపించాయి. మధ్యాహ్నం అదే ఆకు పైభాగంలో ఆకాశం పడి సగం తెల్లగా, కొంచెం నీలంగా మెరిసింది, అక్కడ పచ్చదనం అన్నదే లేదు. పక్క ఆకు నీడ పడినచోట దాదాపు నల్లగా ఉంది, కానీ నలుపు కాదు, లోపలెక్కడో ఎరుపు ఉన్నట్టు. ఒక్క ఆకులో ఇన్ని రంగులు, నేనేమో అన్నాళ్లూ ట్యూబు నొక్కి సాప్ గ్రీన్ పులిమేస్తున్నాను.

జ్వరం తగ్గాక ఆ రంగులు కలపడానికి కూర్చుంటే అసలు తంటా మొదలైంది. నీలంలో లెమన్ ఎల్లో కలిపితే పచ్చ వస్తుంది గానీ ప్లాస్టిక్ ఆకులా అరుస్తుంది. దాంట్లో బర్న్ట్ సియెన్నా అనే ఎర్రటి గోధుమరంగు చుక్క పడితే అప్పుడు నోరు మూసుకుంటుంది. పైగా వాటర్ కలర్ తడిగా ఉన్నప్పుడు ఒకలా, ఆరాక ఒక మెట్టు వెలిసినట్టూ ఉంటుంది, కాబట్టి ముందే కొంచెం ముదురుగా వేయాలి, ఎంత ముదురుగా అన్నది కాగితాలు పాడుచేసుకుంటేనే తెలుస్తుంది. ప్రకృతి నుంచి ప్రేరణ అంటే నాకు తెలిసింది ఇదీ. నాలుగు రోజుల జ్వరం, 11 పాడైపోయిన కాగితాలు.

పెద్దవాళ్లు కూడా ఇలాగే కష్టపడ్డారని తర్వాత చదువుకున్నాను, కాస్త ధైర్యం వచ్చింది. ఇంగ్లండ్ చిత్రకారుడు జాన్ కానిస్టేబుల్ 1821, 1822లలో లండన్ దగ్గర హ్యాంప్‌స్టెడ్‌లో ఉత్త మేఘాల్నే పదుల కొద్దీ వేశాడు. కింద నేల కూడా ఉండదు కొన్నిటిలో, మబ్బులంతే. వాటిలో చాలా బొమ్మల వెనక తేదీ, టైము, గాలి ఎటునుంచి వీస్తోందో రాసుకున్నాడు. వాతావరణ శాఖ ఉద్యోగిలాగా! మబ్బు ఆగదు కదా, నిమిషంలో ఆకారం మారిపోతుంది, కాబట్టి చూడటం, గుర్తుపెట్టుకోవడం, వేయడం మూడూ ఒకేసారి జరగాలి. అందుకే మీ వ్యాసంలో ప్రకృతినీ జ్ఞాపకాన్నీ వేరువేరు డబ్బాల్లో పెట్టడం నాకు నచ్చలేదు. చెట్టు మీంచి కన్ను తీసి కాగితం మీద పెట్టేలోపు మధ్యలో ఉండేది జ్ఞాపకమే, ఒక క్షణం నాటిదైనా సరే.

ఫోటో తీసుకుని ఇంటికొచ్చి వేసుకోవచ్చుగా అంటారు. తీసుకోండి, నేనూ తీస్తాను. కాకపోతే ఫోన్ ఫోటోలో నీడలన్నీ ఒకే నల్లటి మూటైపోతాయి, లేదంటే ఫోనే సొంత తెలివితో వాటిని బూడిదరంగు చేసేస్తుంది. రెండూ మీరు చూసింది కాదు.

ఇక జ్ఞాపకాలు. దీని గురించి రాయాలంటే మా అమ్మ గురించి రాయాలి. అమ్మ పోయాక ఆమె బొమ్మ వేద్దామని ఇంట్లో ఉన్న ఫోటోలన్నీ ముందేసుకున్నాను. పెళ్లిళ్లలో, ఫంక్షన్లలో తీసినవి, అన్నిట్లో కెమెరా వైపు చూస్తూ బిగుసుకుపోయి ఉంటుంది. పోలిక కుదిరింది గానీ అమ్మ రాలేదు. ఆరుసార్లు వేశాను. ఆ తర్వాత ఒకరోజు ఫోటోలు బీరువాలో పెట్టేసి, అమ్మ అంటే ముందు ఏం గుర్తొస్తోందో అదే వేద్దామని కూర్చుంటే మొహం గుర్తుకు రాలేదు. నిజంగా రాలేదు, భయమేసింది కూడా. వచ్చిందల్లా కుట్టు మిషన్ ముందు వంగిన వీపు, చక్రం మీద కుడి చెయ్యి, సూది దగ్గర గుడ్డని మెల్లగా ముందుకి తోస్తున్న ఎడమచేతి రెండు వేళ్లు. ఆ రెండు వేళ్లు మాత్రం గోళ్ల మీద గీతలతో సహా కనిపించాయి. నేను చిన్నపిల్లని, నేల మీద కూర్చుని చూసేదాన్ని కదా, మిషన్ బల్ల నా కళ్లకి కొండంత ఎత్తు. అలాగే వేశాను, బల్ల పెద్దగా, అమ్మ వెనక ఎక్కడో. లెక్కప్రకారం చూస్తే తప్పు బొమ్మ. మా అక్క చూసి ఏమీ అనలేదు, కాసేపు నిలబడి వంటింట్లోకి వెళ్లిపోయింది.

జ్ఞాపకంలో కొలతలు ఉండవన్న సంగతి చిత్రకారుడు మార్క్ షగాల్‌కి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదేమో. ఇప్పటి బెలారస్‌లో ఉన్న వీతెబ్స్క్ ఆయన ఊరు. 1911లో పారిస్‌లో కూర్చుని 'నేనూ, మా ఊరూ' అని ఒక బొమ్మ వేశాడు. అందులో ఒక పశువు మొహం, ఒక మనిషి మొహం ఎదురెదురుగా కాన్వాసంతా పరుచుకుని ఉంటాయి, ఇళ్లేమో అగ్గిపెట్టెలంత, వాటిలో కొన్ని తలకిందులుగా. మొదటిసారి చూసినప్పుడు ఇదేం పిచ్చి అనుకున్నాను. అమ్మ మిషన్ బొమ్మ వేశాక మళ్లీ చూస్తే పిచ్చేమీ కనిపించలేదు. ఊరు అంటే ముందు మీదికొచ్చేది ఇల్లు కాదు, చిన్నప్పుడు మన మొహంలో మొహం పెట్టి చూసిన ఆవు.

మన దేశపు చిత్రకారుడు ఎస్.హెచ్. రజా కథ ఇంకా విచిత్రం. ఆయన పుట్టిందీ పెరిగిందీ మధ్యప్రదేశ్ అడవుల్లో, తండ్రి అటవీశాఖలో పనిచేసేవాడు. చిన్నప్పుడు బడిలో కుదురుగా ఉండడని మాస్టారు గోడ మీద ఒక చుక్క పెట్టి దాన్నే చూస్తూ కూర్చోమన్నాడట. రజా 1950లో ఫ్రాన్స్ వెళ్లాడు, పేరు తెచ్చుకున్నాడు, అక్కడి ఊళ్లూ పొలాలూ వేశాడు. అన్నీ అయ్యాక, దాదాపు 30 ఏళ్ల తర్వాత, కాన్వాస్ మధ్యలోకి ఆ చుక్క వచ్చి కూర్చుంది. 'బిందు' అన్నాడు దాన్ని. ఇక చివరిదాకా వదల్లేదు. ఇప్పుడు చెప్పండి, ఆ చుక్క ప్రకృతా, జ్ఞాపకమా, భక్తా? ఏ డబ్బాలో వేస్తారు? అల్లరి పిల్లాడికి వేసిన శిక్ష అది, అంతకుమించి ఆ రోజు దాంట్లో ఏమీ లేదు.

భక్తి దగ్గరికి వస్తే నాకు కొంచెం కోపం కూడా ఉంది, దాచుకోను. కొన్నేళ్ల కిందట ఒక ప్రదర్శనకి బొమ్మలు పంపాను. అందులో ఒకటి, ప్రార్థన చేస్తున్న ఒక ముసలావిడ చేతులు. దేవుడు లేడు, గుడి లేదు, మసీదు లేదు, చర్చి లేదు, ముడతలు పడిన రెండు అరచేతులు దగ్గరికి చేరి ఉంటాయి, పూర్తిగా ఆనుకోకుండా, మధ్యలో సన్నటి సందుతో. కీళ్లనొప్పులున్న చేతులు అంతకన్నా దగ్గరికి రావు. ఎంపిక చేసే పెద్దమనిషి చూసి "భక్తి బొమ్మలు క్యాలెండర్లకి పనికొస్తాయమ్మా" అన్నాడు. తీసుకున్న బొమ్మ ఏమిటంటే నేను ఫోన్ ఫోటో చూసి గంటలో లాగించేసిన సూర్యాస్తమయం. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అది అమ్ముడుపోయింది కూడా, అది వేరే విషయం.

ఆ పెద్దమనిషిది పూర్తిగా తప్పని అనలేను. భక్తి పేరుతో వచ్చే బొమ్మల్లో చాలావాటికి ముందే కట్ చేసిపెట్టిన అచ్చు ఉంటుంది, తల వెనక కాంతిచక్రం పెట్టేస్తే పవిత్రత వచ్చేసినట్టు. నమ్మకం ఉన్నంత మాత్రాన బొమ్మ బాగా రాదు, నాకు దేవుడి మీద నమ్మకం ఉంది, నా బొమ్మలు చాలావరకు బాగుండవు. అయితే బొమ్మలో భక్తి ఎక్కడుంటుందన్నది మాత్రం ఆయన అనుకున్నంత తేలిక కాదు. ఫ్రెంచి చిత్రకారుడు క్లోద్ మోనే 1892 నుంచి 1894 దాకా ఫ్రాన్స్‌లోని రువాన్ ఊళ్లో చర్చి ముఖభాగాన్నే 30 సార్లకి పైగా వేశాడు. ఎదురుగా గది తీసుకుని, వెలుగు మారినప్పుడల్లా కాన్వాస్ మారుస్తూ. విషయం చర్చే, కానీ ఆయన వేసింది చర్చిని కాదు, రాతి మీద పొద్దున్నీ మధ్యాహ్నాన్నీ మంచునీ. అదే 1640ల నాటి ఇంకో ఫ్రెంచి చిత్రకారుడు జార్జ్ ద లా తూర్ బొమ్మ చూడండి. చీకట్లో ఒక ముసలి వడ్రంగి వంగి కర్రకి రంధ్రం పెడుతుంటాడు, ఎదురుగా ఒక పిల్లవాడు కొవ్వొత్తి పట్టుకుని ఉంటాడు. కాంతిచక్రాలు లేవు, రెక్కల దేవదూతలు లేరు. ఆ వడ్రంగి జోసెఫ్, ఆ పిల్లవాడు ఏసు. పిల్లవాడు కొవ్వొత్తికి చెయ్యి అడ్డం పెడితే ఆ వేళ్లలోంచి వెలుగు ఎర్రగా అవతలికి దూరి వస్తుంది. చిన్నప్పుడు టార్చిలైటు మీద అరచెయ్యి పెట్టి చూడనివాళ్లుంటారా? దాన్ని తీసుకెళ్లి అక్కడ పెట్టాడు.

నేను కొవ్వొత్తి మంట వేయబోయి చాలాసార్లు బోల్తా పడ్డాను. పసుపు రంగుతో వేస్తే అరటిపండులా వస్తుంది. వాటర్ కలర్‌లో మంట ఉన్నచోట దాదాపు కాగితాన్నే వదిలేయాలి, చుట్టూ చీకటిని పొరలు పొరలుగా, ఒకటి ఆరాక ఒకటి పెంచుకుంటూ రావాలి. పొర ఆరేదాకా ఏం చేస్తాం, మంటనే చూస్తూ కూర్చుంటాం. ఒత్తి దగ్గర నీలం, దాని పైన కొంచెం చీకటి, ఆ పైన పసుపు. ఆ కూర్చోవడానికీ ప్రార్థనలో కూర్చోవడానికీ పెద్ద తేడా నాకైతే కనిపించలేదు, ఇంకొకరికి కనిపించొచ్చు.

నెదర్లాండ్స్‌లో పుట్టిన చిత్రకారుడు వాన్ గోగ్ సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను, ఎందుకంటే ఇందులో మీ మూడు డబ్బాలూ బద్దలైపోతాయి. ఆయన తండ్రి పాస్టరు, ఆయన కూడా కొంతకాలం బెల్జియం గని కార్మికుల మధ్య మతబోధ చేశాడు. 1888లో, సిలువ వేయడానికి ముందు రాత్రి ఆలివ్ తోటలో క్రీస్తు వేదనతో ప్రార్థించే బొమ్మ మొదలుపెట్టి గీకేశాడు, మళ్లీ మొదలుపెట్టి మళ్లీ గీకేశాడు. ఎదురుగా మనిషి లేకుండా మనిషిని వేయలేనన్నది ఆయన పట్టుదల. తర్వాతి ఏడాది స్నేహితులు గోగాఁ, బెర్నార్ అదే సన్నివేశం ఊహించి వేస్తే ఆయనకి నచ్చలేదు. ఆయన ఏం చేశాడంటే నిజం ఆలివ్ తోటల్లోకి వెళ్లి, చలిలో, ఉత్త చెట్లే వేశాడు. మెలితిరిగిన కాండాలు, కాళ్ల కింద ఎర్రమట్టి. క్రీస్తు లేడు. ఆ వేదన చెప్పడానికి నేరుగా ఆ తోటనీ ఆ మనిషినీ వేయనక్కర్లేదన్న అర్థంలో బెర్నార్‌కి ఉత్తరం రాశాడు. ఇంత పట్టుదల ఉన్న మనిషే అదే 1889లో, జూన్‌లో, ఫ్రాన్స్‌లో తానున్న ఆసుపత్రి కిటికీలోంచి రాత్రి చూసిన ఆకాశాన్ని పగలు గుర్తుతెచ్చుకుని వేస్తూ, ఆ కిటికీకి కనిపించని ఊరిని కింద చేర్చాడు. చర్చి గోపురమేమో తన పుట్టిన దేశంలోని చర్చిల్లా సన్నగా పొడుగ్గా వచ్చిందంటారు. దూరంగా ఉన్న మనిషి కదా, చెయ్యి అటే పోయుంటుంది.

చివరగా మీకొక మనవి, చిన్నదే. ప్రతివారం పిల్లల పేజీలో నాలుగైదు బొమ్మలు వేస్తున్నారు, పేరు, తరగతి కింద ఇస్తున్నారు. ఎక్కువభాగం ఇంకేదో బొమ్మ చూసి వేసినవని చూడగానే తెలిసిపోతుంది, రెండు కొండల మధ్య సూర్యుడు, ఒక గుడిసె, ఒక నది. పిల్లల తప్పేం లేదు, అవే అచ్చవుతున్నాయి కాబట్టి అవే పంపుతున్నారు. పేరు పక్కన ఇంకొక్క ముక్క వేయండి, ఎదురుగా చూసి వేసిందా, తలచుకుని వేసిందా, తలచుకుంటే ఎవర్ని తలచుకుని అని. వంకరగా వచ్చినవాటిని కూడా అప్పుడప్పుడు వేయండి. మా పక్కింటి పాప ఒకటి వేసింది, వాళ్ల తాతయ్య కళ్లజోడు మాత్రమే ఉంటుంది, తాతయ్య ఉండడు. అద్దంలో చిన్న కిటికీ కనిపిస్తుంది, ఎడమ అద్దంలో మాత్రమే. పంపమన్నాను, మీరు వేయరేమోనని ఊరుకుంది.

ఇట్లు,
మీ పాఠకురాలు