‘ఇంకా మొదలుపెట్టలేదా?’

సంపాదకులకు,

రెండు వారాల కిందట మీ ఆధ్యాత్మిక పేజీలో, చైతన్యం ఒక శక్తి తరంగమని, సైన్స్ కూడా ఈ సంగతి ఒప్పేసుకుందని ఒక వ్యాసం వచ్చింది. దానికి జవాబుగా ఒక పాఠకుడు, మత్తు సూది వేస్తే మాయమయ్యేదాన్ని పట్టుకుని ఆత్మ అంటారేమిటి, మెదడు ఆగితే అంతా ఆగినట్టే, ఇందులో తేలాల్సింది ఏమీ లేదని రాశారు. ఆ సూది వేసే చోట 31 ఏళ్ళు నిలబడ్డాను కాబట్టి నేనూ నాలుగు మాటలు చెబుతాను. ఆపరేషన్ థియేటర్‌లో మత్తు డాక్టర్ పక్కన నర్సుగా చేసి రిటైరయ్యాను.

మత్తు దిగేటప్పుడు మేం చెప్పేవి రెండు ముక్కలు. కళ్ళు తెరవండి, నాలుక చాపండి. అవి చేశారంటే తెలివి వచ్చినట్టే. అప్పుడు చాలామంది అడిగే మొదటి ప్రశ్న, ‘ఇంకా మొదలుపెట్టలేదా?’ నాలుగు గంటల ఆపరేషన్ అయినా ఇదే ప్రశ్న. రాత్రి పడుకుని లేచినవాళ్ళు ఇలా అడగరు. గడియారం చూడకపోయినా ఎంతోకొంత అంచనా ఉంటుంది, హాయిగా నిద్రపట్టిందనో పట్టలేదనో అంటారు. వేదాంతులు ఈ మాటనే పట్టుకున్నారు. ఏమీ తెలియలేదంటావు, హాయిగా ఉందంటావు, మరి ఆ హాయి ఎవరికి తెలిసింది అని. నైయాయికులు, అంటే తర్కం చెప్పే న్యాయ దర్శనం వాళ్ళు, ఒప్పుకోలేదు. లేచాక ఒళ్ళు తేలిగ్గా ఉండటం చూసి ఊహించి చెబుతున్నాడంతే అన్నారు. ఆ తగవు తీర్చే చదువు నాకు లేదు. (మత్తు దిగాక ‘మంచి నిద్ర పట్టిందమ్మా’ అన్నవాళ్ళూ నాకు తగిలారు, దాచను.)

పేషెంట్‌కి టెన్షన్ ఉండకూడదని ‘నిద్రపుచ్చుతాం’ అంటాం గానీ అది నిద్ర కాదు. రిటైరయ్యాక బ్రహ్మసూత్ర భాష్యం తెలుగు తాత్పర్యంతో చదువుతూ మూడో అధ్యాయం రెండో పాదం పదో సూత్రం దగ్గర ఆగిపోయాను. మెలకువ, కల, గాఢనిద్ర, చావు, ఈ నాలుగింట్లో మూర్ఛ దేని కిందికి వస్తుందన్నది అక్కడి ప్రశ్న. శంకరులు నిద్రపోయేవాణ్ణీ మూర్ఛపోయినవాణ్ణీ పక్కపక్కన పెట్టి చూపిస్తారు. నిద్రలో ముఖం ప్రశాంతంగా ఉంటుంది, ఊపిరి సమంగా ఆడుతుంది, కళ్ళు మూసుకుని ఉంటాయి, చేత్తో తడితే లేస్తాడు. మూర్ఛలో ముఖం భయంకరంగా ఉంటుంది, కళ్ళు తెరుచుకుని ఉంటాయి, ఒళ్ళు వణుకుతుంది, ఒక్కోసారి చాలాసేపు ఊపిరాడదు, ముద్గరంతో, అంటే గదలాంటి దాంతో, మోదినా లేవడు. నైట్ డ్యూటీ నర్సు రాసిన కేస్ షీట్‌లా అనిపించింది నాకు. తెలివి ఎంత ఉందో మార్కులు వేసి చెప్పే, 1974లో వచ్చిన గ్లాస్గో కోమా స్కేల్‌లో మేం చూసేదీ అదే పద్ధతి. పిలిస్తే కళ్ళు తెరుస్తున్నాడా, నొప్పి కలిగిస్తేనే తెరుస్తున్నాడా, అసలు తెరవడం లేదా. 15 వస్తే పూర్తి తెలివిలో ఉన్నట్టు, 3 అంటే ఏ స్పందనా లేనట్టు. అంతమాత్రాన మనవాళ్ళు అన్నీ ఎప్పుడో చెప్పేశారని అనను, ఆ మాట వింటేనే నాకు చిరాకు. ఆయన కళ్ళతో చూసిందాన్ని పక్కన పెట్టుకుని సిద్ధాంతం మాట్లాడారు. మీ వ్యాసకర్త మాత్రం ఏమీ చూపించకుండా తరంగం అనేశారు. తరంగమైతే దాని పొడవెంత?

ఇక అంతా తేలిపోయిందన్న పాఠకుడి సంగతి. చైతన్యానికి మెదడులో ఆధారమేదో 25 ఏళ్ళలో స్పష్టంగా దొరుకుతుందని శాస్త్రవేత్త క్రిస్టాఫ్ కాక్ 1998లో తత్త్వవేత్త డేవిడ్ చామర్స్‌తో పందెం కాశారు. 2023లో ఓడిపోయానని ఒప్పుకుని వైన్ సీసాలు ఇచ్చుకున్నారు. 2006లో ఒక యువతి మీద జరిగిన పరీక్ష ఇంకా ఆశ్చర్యం. రోడ్డు ప్రమాదం తర్వాత పిలిస్తే పలక్కుండా పడి ఉన్న ఆమెకు, టెన్నిస్ ఆడుతున్నట్టు ఊహించుకో అని చెప్పి స్కాన్ తీస్తే, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ మెదడులో కనిపించే స్పందనే ఆమె మెదడులోనూ కనిపించింది. 2024లో వచ్చిన మరో పరిశోధనలో, చెప్పిన పని ఏదీ చేయలేని 241 మందిలో 60 మంది మెదడు ఆ మాట వింటున్నట్టు తేలింది. కదలనివాళ్ళందరికీ తెలియడం లేదని అనుకోవడానికి లేదు.

అది నాకు స్కాన్లకు ముందే తెలిసింది. ఒకావిడ ఆపరేషన్ అయిన మూడో రోజు నా చెయ్యి పట్టుకుని, ‘ఒక మాప్ తక్కువొచ్చింది, మళ్ళీ లెక్కపెట్టు అన్నావు కదమ్మా’ అంది. మాప్ అంటే ఆపరేషన్‌లో రక్తం అద్దే గుడ్డ. నిజమే, నేనే అన్నాను. కండరాలు సడలించే మందు పనిచేస్తోంది, మత్తు చాలలేదు. ఇది అరుదు, బ్రిటన్‌లో 2014లో వెలువడిన పెద్ద పరిశీలనలో తమంతట తాము ఇలా చెప్పినవాళ్ళు దాదాపు 19,000 మందిలో ఒకరు. కానీ ఆరోజు ఆ బల్ల దగ్గర ఆవిడ బరువు మీద ఒక జోకు కూడా పడింది. నేనూ నవ్వాను. ఆవిడ ఆ సంగతి ఎత్తలేదు. విన్నదో లేదో ఇప్పటికీ తెలియదు.

తర్వాత నాకే ఆపరేషన్ అవసరమైంది. తెలివి పోయే ఆ క్షణాన్ని ఎలాగైనా పట్టుకోవాలని గట్టిగా అనుకుని బల్ల ఎక్కాను. 100 నుంచి వెనక్కి లెక్కపెట్టమన్నారు. 97 అనడం గుర్తుంది. 96 లేదు. నాలుక చాపమంటున్నారు. ఇంకా మొదలుపెట్టలేదా అని నేనూ అడిగానట, థియేటర్ అంతా నవ్వారట.

పట్టుదలకొద్దీ రాత్రుళ్ళు నిద్రలోకి జారే క్షణాన్ని కనిపెట్టబోయాను. కొన్ని నెలలు. ఒక్కరోజూ దొరకలేదు. కనిపెట్టేవాడే ముందు జారిపోతాడు. ఆ అలవాటు మాత్రం పగటి మీదికి పాకింది. కోపం పుట్టడం నాకు ఎప్పుడూ కనిపించదు. గొంతు పెరిగాకే ‘ఓహో, వచ్చింది’ అని తెలుస్తుంది. ఇదివరకు గొడవంతా అయిపోయి, అవతలి మనిషి వెళ్ళిపోయాక తెలిసేది. ఇప్పుడు సగం మాట నోట్లో ఉండగా తెలుస్తోంది. ఆధ్యాత్మికం అంటే నాకు దక్కింది ఈ కాస్త తొందరే. వెలుగులూ నాదాలూ ఏమీ కనపడలేదు, వినపడలేదు.

చైతన్యం అనే అంత బరువైన మాట థియేటర్‌లో మాకెప్పుడూ అవసరం రాలేదు. తెలివి, మెలకువ, సోయి, ఎరుక, వీటితోనే పని జరిగిపోయేది. స్పృహ కూడా అనేవాళ్ళం. సంస్కృతంలో దానికి కోరిక అని అర్థమట, తెలుగులోకి వచ్చి ఇలా మారింది. మీ పేజీలో రాసేవాళ్ళు సైన్స్ ఒప్పుకుందా లేదా అన్నది పక్కన పెట్టి, తమకు ఏ రోజు ఏం తెలిసిందో ఈ చిన్న మాటలతో రాస్తే చదవాలని ఉంది.

ఆ వ్యాసం చదివినప్పుడూ నాకు కోపం వచ్చింది. పేపరు విసిరేశాక తెలిసింది. ఆ ఊపులో రాసిన ఉత్తరం చించేశాను, ఇది రెండోది. తరంగం పొడవెంత అన్న ముక్క మొదటి దాంట్లోదే, వదల్లేకపోయాను. అక్కర్లేదనిపిస్తే కొట్టేయండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ థియేటర్ నర్సు