“మీరు వంద ఇస్తే మేం వంద”: ఆ రెండో వంద సంగతి తేల్చండి

విరాళాల సంస్థలను పర్యవేక్షించే మంత్రిగారికి,

నమస్కారం. “ఈ రాత్రి పన్నెండులోపు మీరు వంద ఇస్తే మా పెద్ద దాత ఇంకో వంద కలుపుతారు” అనే మెసేజ్ మీకూ వచ్చే ఉంటుంది. నాకు వచ్చినప్పుడు గడువు దాటిపోతుందేమోనని టెన్షన్ పడి, ఇద్దామనుకున్న దానికి రెట్టింపు పంపేశాను. తర్వాత తీరిగ్గా వాళ్లనే అడిగాను, నేను ఇవ్వకపోయుంటే ఆయన డబ్బు ఆయన దగ్గరే ఉండిపోయేదా అని. రెండు వారాలకి జవాబొచ్చింది, చాలా మర్యాదగానే. ఆయన మొత్తం ఎప్పుడో ఇచ్చేశారట, మేమంతా ఇచ్చినా ఇవ్వకపోయినా అది సంస్థదేనట! మరి నా వందకి జత కలిసిందేమిటి?

డబ్బు ఉంది, దాత ఉన్నారు, జరిగే పని కూడా మంచిదే. అబద్ధమల్లా “మీరిస్తేనే” అన్న ఆ ఒక్క మాట.

ఉద్యోగి ఇచ్చినదానికి సమానంగా కంపెనీ కలిపే పథకాల జోలికి నేను పోను. అక్కడ మామూలుగా ఉద్యోగి అడగకపోతే కంపెనీ డబ్బు కదలదు.

ఇలా చెబితేనే జనం ఇస్తారని సంస్థలవాళ్లు మీ దగ్గర వాదిస్తారు. అందులో కొంత నిజం లేకపోలేదు. కార్లన్, లిస్ట్ అనే ఆర్థికవేత్తలు అమెరికాలో ఒక సంస్థ పాత దాతలు సుమారు 50,000 మందికి ఉత్తరాలు పంపించి చూసి, 2007లో ఫలితాలు అచ్చువేశారు. మ్యాచింగ్ (అంటే ఇలా పెద్ద దాత జత కలపడం) ఉందంటే ఒక్కో ఉత్తరానికి వచ్చిన సొమ్ము 19 శాతం పెరిగింది, కానీ ఒకటికి మూడు కలుపుతామని ఊరించినా ఒకటికి ఒకటి అన్నప్పటికంటే అదనంగా రాలిందేమీ లేదు. తర్వాత హక్, రసూల్ అనే ఆర్థికవేత్తలు జర్మనీలో బవేరియా ఒపెరా ప్రేక్షకుల మీద ఇలాంటి పరీక్షే చేశారు. ఒక దాత ఇప్పటికే 60,000 యూరోలు ఇస్తానన్నారని ఉన్నదున్నట్టు రాసిన ఉత్తరానికే, మ్యాచింగ్ ఆశపెట్టిన వాటికన్నా జనం జేబుల్లోంచి ఎక్కువ వచ్చింది. నిజం చెప్పడానికి ఇంకా భయమెందుకో నాకర్థం కాదు.

నేనడిగేది ఒక్క వాక్యం. మ్యాచింగ్ అని ప్రకటించే ప్రతి సంస్థా, లక్ష్యం చేరకపోతే పెద్ద దాత డబ్బులో మిగిలింది ఎక్కడికి పోతుందో (ఆయనకే వెనక్కా, ఇంకో సంస్థకా, ఎలాగూ వీళ్లకేనా) ఆ ప్రకటనలోనే, అదే సైజు అక్షరాల్లో రాయాలని రూలు పెట్టండి. “ఎలాగూ మాకే వస్తుంది” అని రాసుకున్నా నాకేం అభ్యంతరం లేదు, అది చదివాక ఎంతివ్వాలో నేను చూసుకుంటాను.

ఇట్లు,
రెట్టింపు ఇచ్చిన ఒక దాత