రక్షణ పోయిందేమో అని భయపడేవారికి

అందరికీ ప్రభువు పేరట వందనాలు. "మళ్లీ అదే తప్పు చేశాను, నా రక్షణ పోయిందేమో, పాపం నుంచి కాపాడిన దేవుడు నన్ను వదిలేశాడేమో" అన్న టెన్షన్ మనలో చాలామందికి ఉంది. నాకూ ఆ భయంతో నిద్ర పట్టని రాత్రులున్నాయి.

ఈ రోజు బైబిల్లో లూకా సువార్త 15వ అధ్యాయం మెల్లగా చదవండి. అందులో యేసు చెప్పిన కథ ఉంది: ఒక కొడుకు తండ్రి ఆస్తిలో తన వాటా తీసుకుని ఇల్లు వదిలి వెళ్లి, అంతా పాడుచేసుకుని, చివరికి పందులు మేపుతాడు. ఆ తప్పిపోయిన కొడుకు ఇంటికి తిరిగొచ్చి తండ్రితో "నన్ను కూలివాళ్లలో ఒకడిగా పెట్టుకో" అనాలని ముందే అనుకుంటాడు. 19వ వచనంలో ఉన్న ఆ మాట 21లో లేదు, చూడండి! అది నోట్లోంచి రాకముందే తండ్రి మంచి బట్టలు తెమ్మన్నాడు. అంతకుముందే, వాడింకా దూరంగా ఉండగానే పరుగెత్తుకెళ్లి, పందుల దగ్గర్నుంచి వచ్చినవాణ్ని మెడ మీద పడి ముద్దు పెట్టుకున్నాడు.

మనం ఇంకా పాపులుగా ఉండగానే క్రీస్తు మనకోసం చనిపోయాడు (రోమా 5:8). అప్పుడే ప్రేమించినవాడు ఇప్పుడు వదిలేస్తాడా? తప్పుంటే బిడ్డల్లా వెళ్లి ఒప్పుకుందాం.

భయంగా ఉన్నవాళ్లు రాత్రి ఎన్నింటికైనా ఫోన్ చేయండి, కలిసి ప్రార్థన చేద్దాం.