లెవెల్ ఒకటే, మరి గంటలు?

సంపాదకులకు,

మొన్న మా వీధిలో ఉండే ఒకావిడ ఇద్దరు కొడుకుల సర్టిఫికెట్లు పట్టుకుని మా ఇంటికి వచ్చింది. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు చెప్పి రిటైరైనవాణ్ని కాబట్టి ఇలాంటి కాగితాలు నా దగ్గరికి వస్తూనే ఉంటాయి. పెద్దవాడిది రెండేళ్ల ఐటీఐ. చిన్నవాడిది ఒక శిక్షణ కేంద్రంలో ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్ల రిపేరు, మూడు నెలల కోర్సు. రెండింటి మీదా ‘లెవెల్ 4’ అనే ఉంది. “సారూ, ఇద్దరిదీ నాలుగే గదా. లైన్‌మన్ కొలువుకు పెద్దోడు పనికొస్తడు, చిన్నోడు రాడు అంటున్నరు. ఎందుకట్ల?” అని అడిగింది.

చిన్నవాణ్ని చేర్చుకునేటప్పుడు ఆ కేంద్రంవాళ్లు “ఇది ఐటీఐతో సమానం, లెవెల్ ఒకటే” అన్నారట. లెవెల్ ఒకటేనన్నది అబద్ధం కాదు. సమానమన్నదే అబద్ధం.

2013 డిసెంబరులో కేంద్రం జాతీయ నైపుణ్య అర్హతల చట్రాన్ని తెచ్చింది. సర్టిఫికెట్ మీది లెవెల్ అంటే అందులోని మెట్టే. మొదట పది మెట్లు పెట్టారు, ఇప్పుడు ఎనిమిది, మధ్యమధ్య అర మెట్లు. చెప్పింది చెప్పినట్టు చేసేవాడు కింది మెట్టు మీద, పక్కవాడి పనికి కూడా జవాబు చెప్పాల్సినవాడు పై మెట్టు మీద ఉంటాడు. ఎన్నాళ్లు నేర్చుకున్నాడన్నది అందులో లేదు. దానికి క్రెడిట్లని వేరే లెక్క ఉంది: 30 గంటలకు ఒక క్రెడిట్, ఏడాదికి 1200 గంటలు, 40 క్రెడిట్లు. ఆవిడకు నేనిలా చెప్పాను: మెట్టు ఎంత ఎత్తున ఉందో లెవెల్ చెబుతుంది, ఎంత వెడల్పుందో గంటలు చెబుతాయి. పెద్దవాడిది రెండు కాళ్లూ ఆనించి నిలబడే మెట్టు. చిన్నవాడిది నాలుగైదు వందల గంటలు కూడా లేదు.

చిన్న కోర్సులను తీసిపారేయడం నా ఉద్దేశం కాదు. ఎండాకాలం ఫ్రిజ్ ఆగిపోతే మెకానిక్ కోసం ఎంత బతిమాలతామో అందరికీ తెలుసు. కానీ చేరేముందు ఆ కాగితం ఎందాకా పనికొస్తుందో చెప్పాలి కదా. రెండేళ్ల ఐటీఐ చదివినవాడు మన రాష్ట్రంలో ఎల్‌పీసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి నేరుగా పాలిటెక్నిక్ రెండో సంవత్సరంలో చేరొచ్చు. మూడు నెలల కోర్సుకు ఆ దారి లేదు.

ఇంకో చిత్రం. జూనియర్ లైన్‌మన్ నోటిఫికేషన్‌లో పదో తరగతి, ఎలక్ట్రికల్ ఐటీఐ లేదా ఇంటర్ ఒకేషనల్ అని అడుగుతారు, లెవెల్ ఊసే ఉండదు. సర్టిఫికెట్ మీద ఒక భాష, ఉద్యోగ ప్రకటనలో ఇంకో భాష. ఐటీఐ సర్టిఫికెట్ల మీద కనిపించే 1956 నాటి జాతీయ మండలి ఎన్‌సీవీటీ పోయి, దాని బాధ్యత ఎన్‌సీవీఈటీ అనే కొత్త మండలికి వచ్చి ఏళ్లయింది. షాపుల ఓనర్లు ఈనాటికీ “ఎన్‌సీవీటీ ఉందా?” అనే అడుగుతారు. వాళ్లను ఏమనగలం, వాళ్లకు ఎవరు చెప్పారు గనక?

ప్రతి కోర్సు కోడు, లెవెల్, గంటలు జాతీయ అర్హతల రిజిస్టర్‌లో ఆన్‌లైన్‌లో ఉన్నాయి, ఇంగ్లిష్‌లో. అదే నాలుగు ముక్కలు తెలుగులో రాసి ప్రతి శిక్షణ కేంద్రం గుమ్మం దగ్గర బోర్డు పెట్టించాలి: లెవెల్ ఎంత, గంటలు ఎన్ని, సర్టిఫికెట్ ఇచ్చేది ఎవరు, దీనితో ఏ కొలువుకు, ఏ చదువుకు పోవచ్చు. దీనికి కొత్త పథకం అక్కర్లేదు, జిల్లా అధికారుల ఒక్క ఉత్తర్వు చాలు. నియామక ప్రకటనల్లోనూ ట్రేడు పేరు పక్కన లెవెల్, గంటలు రాయాలి.

చిన్నవాడు ఈ ఏడు ఐటీఐలో చేరాడు. సంపాదించిన క్రెడిట్లు బ్యాంకులో డబ్బులా దాచుకుని వాడుకోవచ్చని నిబంధనల్లో ఉంది. ఆ మూడు నెలలకు ఏమైనా తగ్గిస్తారా అని అడ్మిషన్ల కౌంటర్‌లో అడిగాడట. అక్కడి గుమాస్తా కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “పది మెమో తెచ్చినవా?” అన్నాడట.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఐటీఐ ఇన్‌స్ట్రక్టర్,
కరీంనగర్