మాట పూర్తయ్యే వరకు

తల్లిదండ్రులకు నమస్కారం.

గత వారం ప్రార్థన సమయంలో ఒక విద్యార్థి వేమన పద్యం చదువుతూ మొదటి పాదంలోనే మాట తడబడి ఆగిపోయినప్పుడు, వెనుక వరుసల్లో నవ్వులు వినిపించాయి. ఆ నవ్వులు నన్ను చాలా బాధించాయి. అందుకే ఈ నెల లేఖలో డేవిడ్ సైడ్లర్ అనే సినిమా రచయిత గురించి రాస్తున్నాను.

సైడ్లర్ 1937లో లండన్‌లో పుట్టారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో కుటుంబంతో పాటు ఓడలో అమెరికాకు వెళ్తుండగా, దాదాపు మూడేళ్ల వయసులో ఆయనకు నత్తి మొదలైంది. ఇంగ్లండ్ రాజు ఆరవ జార్జికి అంతకన్నా ఎక్కువ నత్తి ఉండేదని, అయినా ఎంత చక్కగా మాట్లాడుతున్నారో వినమని తల్లిదండ్రులు చెప్పగా, ఆయన రేడియోలో రాజు ప్రసంగాలు వింటూ పెరిగారు. పదహారేళ్లు వచ్చేసరికి నత్తి చాలావరకు తగ్గింది కానీ, రాజు కథ మాత్రం ఆయనను వదల్లేదు.

నలభై ఏళ్ల ప్రాయంలో హాలీవుడ్ చేరాక, రాజుకు మాట సాధన చేయించిన లయనెల్ లోగ్ కుమారుడిని సంప్రదిస్తే, తండ్రి రాసుకున్న పుస్తకాలు చూపించాలంటే రాజమాత, అంటే ఆరవ జార్జి భార్య, అనుమతి కావాలన్నారు. ఆ జ్ఞాపకాలు తనను ఇంకా బాధిస్తున్నాయని, తాను బతికి ఉండగా ఆ కథ రాయవద్దని ఆమె కోరారు. సైడ్లర్ ఆ కోరికను మన్నించి ఆగిపోయారు. ఆమె 2002లో 101 ఏళ్ల వయసులో మరణించారు. 2005లో ఆయనకే గొంతు క్యాన్సర్ వచ్చింది. ఆ తర్వాతే మళ్లీ కలం పట్టారు. 2010లో వచ్చిన 'ది కింగ్స్ స్పీచ్' సినిమాకు 73 ఏళ్ల వయసులో ఆస్కార్ అందుకుని, దానిని ప్రపంచంలో నత్తి ఉన్న వారందరి తరఫున స్వీకరించారు.

ఆ బహుమతి కన్నా రేడియో ముందు కూర్చున్న చిన్న పిల్లవాడే నాకు ఎక్కువగా గుర్తుకు వస్తాడు. మీ పిల్లలు ఒక మాట దగ్గర ఆగితే, దయచేసి ఆ మాటను మీరు అందించకండి. వారి ముఖం చూస్తూ, వారే పూర్తిచేసే వరకు వినండి. చుట్టాల ముందు బలవంతంగా మాట్లాడించకండి. నాలుకకు వస రాస్తే సరిపోతుందని కాలం గడపకుండా స్పీచ్ థెరపిస్టును కలవండి, మాకూ చెప్పండి.

ఆ విద్యార్థి వచ్చే సోమవారం అదే పద్యం మళ్లీ చదువుతానని తానే వచ్చి అడిగాడు. ఎంతసేపు పట్టినా, పద్యం పూర్తయ్యాకే మొదటి పీరియడ్ గంట కొడతాం.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు