దివ్యాంగుల సంఘం వార్షిక నివేదిక, 2024-25

గౌరవ అధ్యక్షులకు, కార్యవర్గానికి, సభ్యులందరికీ నమస్కారం.

ముందుగా ధన్యవాదాలు. సమావేశాలకు అద్దె తీసుకోకుండా హాలు ఇచ్చిన లైబ్రరీ వారికి, ఎండలో మనతో తిరిగిన పాలిటెక్నిక్ సివిల్ విద్యార్థులకు, మూడు వీల్‌చైర్లకు టైర్లు మార్చి కూలి వద్దన్న సైకిల్ షాపు బాబాయికి, ప్రతి సమావేశానికీ టీ పంపిన కోశాధికారి గారి ఇంటివారికి సంఘం రుణపడి ఉంటుంది.

ఈ ఏడాది చేసిన పనంతా జనం వచ్చే భవనాల్లో వీల్‌చైర్ వెళ్లగలదా అని కొలతలు తీయడమే. "ర్యాంపు ఉందండీ" అని యజమానులందరూ అంటారు. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలన్నది ప్రమాణం. మనం చూసిన ఫంక్షన్ హాళ్లు, హోటళ్లు, సినిమా హాళ్లలో చాలావరకు అవి వంట సామాను దింపుకోవడానికి కట్టిన ఏటవాలు దిమ్మలు. వాటి మీద వీల్‌చైర్ ఎక్కిస్తే వెనక్కి పడిపోతుంది.

"మా ప్రైవేటు స్థలం, మా ఇష్టం" అన్నవారికి చట్టం కాపీ చూపించాం. జనం వచ్చే ప్రైవేటు భవనం వ్యాపారానిదైనా, వినోదానిదైనా 2016 దివ్యాంగుల హక్కుల చట్టం దాన్ని పబ్లిక్ భవనంగానే చూస్తుంది. 2017 జూన్‌లో నిబంధనలు వచ్చాక పాత భవనాలను దివ్యాంగులకు అనువుగా మార్చడానికిచ్చిన ఐదేళ్ల గడువు 2022లోనే అయిపోయింది. 2024 నవంబర్ 8న సుప్రీంకోర్టు కూడా ఈ ప్రమాణాలను సలహాల్లా వదిలేస్తే కుదరదని, తప్పనిసరి నిబంధనలు తేవాలని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ కేసులో కోర్టు కోరగా దేశంలోని పరిస్థితిపై నివేదిక ఇచ్చింది మన హైదరాబాద్ నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం వారే.

బస్టాండు పక్కనున్న ఫంక్షన్ హాలు గురించి గర్వంగా చెబుతున్నాను. మూడు మెట్లు, అడుగున్నర ఎత్తు. అంటే పద్దెనిమిది అడుగుల ర్యాంపు కావాలి. పార్కింగ్ పోతుందని యజమాని ఒప్పుకోలేదు. మన విద్యార్థులు గోడ వెంబడి మలుపు తిప్పి గీసిన ప్లాను చూశాక ఒప్పుకుని, సొంత ఖర్చుతో కట్టించారు. మాఘమాసంలో అక్కడే మన సభ్యురాలి అన్నగారి అమ్మాయి పెళ్లి. నలుగురితో కుర్చీ ఎత్తించుకోవాలి కదా అని ఆవిడ ఇన్నేళ్లూ ఏ పెళ్లికీ వెళ్లలేదు. ఈసారి తనే చక్రాలు తిప్పుకుంటూ లోపలికి వెళ్లి బంధువులతో కలిసి భోజనం చేశారు. మండపానికి మాత్రం ఇంకా మెట్లే. అక్షింతలు కిందనుంచే వేశారు.

పార్కు గేటు సంగతి బాధాకరం. బైకులు రాకుండా పెట్టిన ఇనప కడ్డీల మధ్య వీల్‌చైర్ పట్టదు. మూడు అర్జీలిచ్చాం. వెళ్లిన ప్రతిసారీ కొత్త అధికారి, మళ్లీ మొదటినుంచి చెప్పుకోవాలి. ఫైలు ఎక్కడుందో చెప్పేవారు లేరు.

మనవాళ్లతోనూ ఒక మాట. సర్వేకు పేర్లిచ్చిన పద్దెనిమిది మందిలో వచ్చింది ఆరుగురు. వాట్సాప్‌లో "వస్తాను" అని పెట్టి రాకపోతే, టేపు రెండో కొస పట్టుకోవడానికి వీల్‌చైర్‌లో ఉన్న సభ్యుడే వంగాల్సి వచ్చింది. ఇది నాకు చాలా కష్టమనిపించింది.

జమాఖర్చుల పత్రం అందరికీ పంచాం, ఆడిట్ అయింది. చందా బాకీలు ఈరోజే కట్టగలరు.

వచ్చే ఏడాది మండపం మెట్లు, పార్కు గేటు, సినిమా హాళ్ల టాయిలెట్లు చేపడతాం. మొదటి సర్వే జూన్ రెండో ఆదివారం ఉదయం 7 గంటలకు, పార్కు గేటు దగ్గర. రెండు టేపులు నేను తెస్తాను.

ఇట్లు,
కార్యదర్శి